అడిగేది ఒక్క టీకానే... అడగనివే ఎక్కువ!

ఆఫ్రికా ప్రయాణానికి ముందు ఇల్లాలు చూసుకోవాల్సిన ఆరోగ్యం సంగతులు

‘‘వీసా వచ్చేసింది. టికెట్లు కూడా తీశాను. పిల్లల్ని తీసుకెళ్ళి ఆ ఎల్లో ఫీవర్ సూది ఒకటి వేయించుకో. అంతే, ఇంకేం అక్కర్లేదు!’’

నైజీరియా నుంచో, ఉగాండా నుంచో భర్త ఫోన్లో చెప్పే మాట చాలా ఇళ్ళల్లో ఇలాగే ఉంటుంది. ఆయన్ని అనడానికీ లేదు. విమానాశ్రయంలో తనని అడిగింది ఆ కార్డొక్కటే మరి!

బోర్లు వేసే పనికనో, మందుల కంపెనీలో ఉద్యోగమనో, స్కూల్లో లెక్కలు చెప్పడానికనో మన ఊళ్ళ నుంచి ఆఫ్రికా దేశాలకు వెళ్ళేవాళ్ళున్నారు. ముందు మగవాళ్ళు వెళ్తారు. ఇల్లూ, జీతమూ కాస్త కుదుటపడ్డాక భార్యాపిల్లల్ని పిలిపించుకుంటారు. ఇక ఇక్కడ హడావుడి మొదలు. ఆవకాయ కారకుండా ఎలా కట్టాలి, అక్కడ చింతపండు దొరుకుతుందా, కుక్కరు ఇక్కణ్నుంచే తీసుకెళ్ళాలా... వీటన్నింటికీ ఎవరో ఒకరు సమాధానం చెబుతారు. ఆరోగ్యం మాట వచ్చేసరికి మాత్రం ‘ఎండల్లో, దోమల్లో పుట్టి పెరిగినవాళ్ళం, మనకేమవుతుంది’ అని తేల్చి పారేస్తాం.

చిక్కంతా అక్కడే ఉంది. ఎల్లో ఫీవర్ కార్డు లేకపోతే అధికారులు ఆపుతారు కాబట్టి దాన్ని ఎవరూ మర్చిపోరు. మలేరియా మాత్రలు తెచ్చుకున్నారా అని మాత్రం ఏ అధికారీ అడగడు. ఆఫ్రికా వెళ్ళిన మనవాళ్ళను ఎక్కువగా భయపెట్టాల్సిందేమో ఆ అడగని జబ్బే!

ఆ పసుపు రంగు కార్డు ఎందుకు?

ఎల్లో ఫీవర్ అనగానే మన పెద్దవాళ్ళు ‘పచ్చకామెర్లే కదా, పసరు వేయిస్తే పోతుంది’ అంటారు. రెండింట్లోనూ కళ్ళు పచ్చబడే మాట నిజమే. కానీ ఇది వేరు. పగటిపూట కుట్టే ఏడిస్ దోమ వల్ల వచ్చే వైరస్ జబ్బు. చాలామందికి జ్వరం, ఒళ్ళునొప్పులు, వాంతులతో సరిపోతుంది. కొందరిలో మాత్రం ముదిరి కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తస్రావం అవుతుంది. అలా ముదిరినవారిలో సగంమంది వారం పది రోజుల్లో చనిపోతారు. వైరస్‌ను చంపే మందు లేదు. ఉన్నది టీకా ఒక్కటే. అది గట్టి టీకా. మాక్స్ థీలర్ 1937లో తయారుచేసిన ఆ టీకాకే 1951లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటికీ వాడుతున్నది ఆ రకాన్నే.

మరి మన ప్రభుత్వం ఈ కార్డు విషయంలో అంత పట్టుదలగా ఎందుకుంటుంది? మన దేశంలో ఇప్పటిదాకా ఎల్లో ఫీవర్ లేదు. కానీ దాన్ని మోసే దోమ మాత్రం ఇంటింటా ఉంది. మనకి డెంగీ, చికున్‌గున్యా అంటిస్తున్నది ఆ దోమే! జబ్బుతో ఒక్క మనిషి దిగినా చాలు, అంటించే పని ఇక్కడి దోమలు చూసుకుంటాయి. అందుకే ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి కార్డు లేకుండా వచ్చినవారిని 6 రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. చెల్లెలి పెళ్ళికని వారం రోజుల సెలవు మీద వచ్చినవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి! వెళ్ళే దేశమే కాదు, మధ్యలో విమానం మారే దేశం కూడా లెక్కలోకి రావచ్చు. అడిస్ అబాబా మీదుగానో, నైరోబీ మీదుగానో టికెట్టు తీసేముందే ఈ సంగతి కనుక్కోవాలి.

పది రోజుల లెక్క

ఈ టీకా మన వీధి చివర క్లినిక్‌లో వేయరు. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రం. పాస్‌పోర్టు తప్పనిసరిగా తీసుకెళ్ళాలి. ఎప్పుడు పడితే అప్పుడు వెళ్తే కుదరకపోవచ్చు. ఒక్కో సీసాలో నలుగురైదుగురికి, పదిమందికి సరిపడే మందు ఉంటుంది. మూత తీశాక 6 గంటల్లో వాడెయ్యాలి, లేదంటే పారబోయడమే. అందుకని కొన్ని రోజులూ, వేళలూ పెట్టుకుంటారు. ముందుగా కనుక్కుని వెళ్ళండి.

సూది వేయించుకున్న 10 రోజుల తర్వాత గానీ ఆ కార్డు చెల్లదు. ‘ఎల్లుండి ఫ్లైటు, ఇవాళ సూది’ అంటే కాదన్నమాట. ఒకప్పుడు పదేళ్ళకోసారి మళ్ళీ వేయించుకోవాల్సి వచ్చేది. 2016 జులై 11 నుంచి ఆ బాధ తప్పింది. ఒక్కసారి వేయించుకుంటే ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డు మీద పదేళ్ళ గడువు రాసి ఉన్నా సరే. కాబట్టి దాన్ని పెళ్ళినాటి నగలంత జాగ్రత్తగా దాచుకోవాలి. పాస్‌పోర్టు అట్టకే పెట్టేస్తే మేలు.

ఈ టీకా అందరికీ పడదు

ఇది బలహీనం చేసిన బతికున్న వైరస్‌తో చేసే టీకా. అందుకే ఎవరికి వేయాలి, ఎవరికి వేయకూడదు అన్నది ముఖ్యం. కౌంటరు దగ్గర ‘నాకేం లేదండీ’ అని హడావుడిగా సంతకం పెట్టేయకండి. ఈ కింది సంగతులు నోరు తెరిచి చెప్పాలి.

* 9 నెలలు నిండని పాపకి మామూలుగా ఈ టీకా వేయరు. ఆరు నెలల్లోపు పసికందుకైతే అసలు వేయకూడదు.

* మీరు గర్భవతి అయితే చెప్పాలి. అనుమానం ఉన్నా చెప్పాలి. కొత్తగా పెళ్ళయి భర్త దగ్గరికి వెళ్తున్న అమ్మాయిలు సిగ్గుపడి ఊరుకుంటారు. టీకా తర్వాత ఒక నెలపాటు గర్భం రాకుండా చూసుకోవడం కూడా అవసరమే.

* చంటిబిడ్డకు పాలిస్తున్నారా? బిడ్డకి 9 నెలలు నిండకపోతే డాక్టరుతో మాట్లాడాకే వేయించుకోవాలి.

* గుడ్డు తింటే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడనివాళ్ళు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవాళ్ళు, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడుతున్నవాళ్ళు ముందే చెప్పాలి. కూతురి పురిటికని తోడు వెళ్ళే 60 దాటిన అమ్మమ్మలకూ ఇది వర్తిస్తుంది. మొదటిసారి వేయించుకునే పెద్ద వయసువారిలో అరుదుగానైనా ఇబ్బందులు ఎక్కువ.

వేయకూడని కారణం ఉంటే ఆ సంగతి డాక్టరు సర్టిఫికెట్‌గా రాసిస్తారు. దాన్ని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆయా దేశాల ఇష్టం కాబట్టి రాయబార కార్యాలయంలో ముందే అడగాలి. అయితే కాగితం దోమని ఆపదు కదా! అలాంటప్పుడు ప్రయాణమే కొన్నాళ్ళు వాయిదా వేయడం గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.

ఇంకో మెలిక. 9 నెలల పాపకి మన దగ్గర తట్టు, రుబెల్లా టీకా వేసే సమయం కూడా అదే. ఇలాంటి టీకాల మధ్య సాధారణంగా 4 వారాల ఎడం ఉంచుతారు. ఏది ముందు, ఏది వెనక అన్నది పిల్లల డాక్టరే చెప్పాలి. పాప టీకాల కార్డు తీసుకెళ్ళి చూపిస్తే ఆయన పని తేలికవుతుంది.

మన మలేరియా, వాళ్ళ మలేరియా

‘మలేరియానా? చిన్నప్పుడు నాకు రెండుసార్లొచ్చింది. నాలుగు మాత్రలేస్తే తగ్గిపోయింది’ అనని ఇల్లు ఉండదు మన దగ్గర. పైగా మలేరియాకీ మనకీ పాత బంధుత్వమే. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి పెట్టింది ఆయన పేరే.

కానీ ఆ చనువు ఆఫ్రికాలో పనికిరాదు. మన దగ్గర కనిపించే రకాల్లో వైవాక్స్ ఒకటి. చలి, వణుకు, జ్వరంతో నీరసపెడుతుంది గానీ ప్రాణం మీదికి రావడం తక్కువ. ఆఫ్రికాలో రాజ్యమేలేది ఫాల్సిపారం. మన ఏజెన్సీ ప్రాంతాలవాళ్ళకి దాని దెబ్బ తెలుసు. అది మెదడుకి పాకితే మనిషి మగతలోకి జారిపోతాడు. చికిత్స ఆలస్యమైతే 24 గంటల్లోనే పరిస్థితి చేయిదాటవచ్చు. ప్రపంచంలో మలేరియాతో ఏటా దాదాపు 6 లక్షలమంది చనిపోతుంటే, అందులో నూటికి 95 మంది దాకా ఆఫ్రికాలోనే. వాళ్ళలో ముప్పావు వంతు అయిదేళ్ళలోపు పిల్లలు. మీ చంకలో ఉన్న పిల్లాడి వయసు అదే!

‘అక్కడివాళ్ళెవరూ మాత్రలు మింగరట కదా’ అని ఇంకో మాట. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ ఒంటికి పదేపదే మలేరియా వచ్చి వచ్చి కొంత తట్టుకునే శక్తి అబ్బుతుంది. ఆ శక్తి వచ్చేలోపే ఎందరో పసివాళ్ళు పోతున్నారు. మీకు, మీ పిల్లలకు ఆ శక్తి లేదు. చిన్నప్పుడు మీకొచ్చిన మలేరియా ఇప్పుడు కాపాడదు.

గర్భవతులకైతే ఇది మరీ ప్రమాదం. రక్తం తగ్గిపోవడం, గర్భం పోవడం, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం... ఇన్ని చిక్కులు. వెళ్ళక తప్పని పని కాకపోతే కాన్పయ్యేదాకా ఆగమనే డాక్టర్లు చెబుతారు.

మలేరియాకి టీకా వచ్చిందట కదా అంటారా? వచ్చింది. 2021లో ఒకటి, 2023లో ఇంకొకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. రెండోది తయారయ్యేది మన పుణెలోనే. కానీ అవి మలేరియా ప్రాంతాల్లో పుట్టి పెరిగే పసిపిల్లల కోసం ఉద్దేశించినవి. మనలా వెళ్ళివచ్చేవారికి వేయరు. మనకి దిక్కు మాత్రలూ, దోమతెరే.

మాత్రలు మధ్యలో ఆపితే...

మలేరియా రాకుండా ముందుగా వేసుకునే మాత్రలు ముఖ్యంగా మూడు రకాలు. ఏది మీకు సరిపడుతుందో డాక్టరే నిర్ణయించాలి. పక్కింటావిడ మిగిల్చిన మాత్రలు వద్దు.

* మెఫ్లోక్విన్: వారానికొకటి. ప్రయాణానికి 2, 3 వారాల ముందే మొదలుపెట్టాలి. మూర్ఛలు, మానసికమైన ఇబ్బందులు ఉన్నవాళ్ళకి పనికిరాదు.

* డాక్సీసైక్లిన్: రోజుకొకటి. ఒకటి రెండు రోజుల ముందు మొదలు. గర్భవతులకీ, 8 ఏళ్ళలోపు పిల్లలకీ ఇవ్వరు.

* అటోవాక్వోన్-ప్రోగ్వానిల్: రోజుకొకటి. ఇదీ ఒకటి రెండు రోజుల ముందే మొదలు. ఖరీదు ఎక్కువ. గర్భవతులకు ఇవ్వరు.

మొదటి రెండూ మలేరియా ప్రాంతం వదిలి వచ్చాక కూడా 4 వారాలు, మూడోది 7 రోజులు వేసుకోవాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఇంటికొచ్చేశాం కదా అని డబ్బా పక్కన పడేస్తారు. ఒంట్లో దాక్కున్న క్రిమికి మీరు ఊరు చేరిన సంగతి తెలీదుగా! మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన క్లోరోక్విన్‌ను నమ్ముకుని వెళ్ళొద్దు. ఆఫ్రికా ఫాల్సిపారానికి అది చాలాకాలంగా లొంగడం లేదు.

ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళు మాత్రలు ఎంతకాలం వేసుకోవాలి? ఇది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. కొత్తగా వెళ్ళిన తొలి నెలల్లోనూ, వానాకాలంలోనూ మాత్రం అశ్రద్ధ వద్దు. ఏ మాత్రా నూటికి నూరుపాళ్ళు కాపాడదు కాబట్టి దోమ కుట్టకుండా చూసుకోవడం ఎలాగూ తప్పదు. మలేరియా దోమ పొద్దుగూకాక బయల్దేరి తెల్లవారేదాకా తిరుగుతుంది. సాయంత్రం అయ్యేసరికి పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు, కాళ్ళు కప్పే పైజమాలు తొడగండి. మందు పట్టించిన దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. ఒంటికి రాసుకునే మందులో డీట్ ఎంత శాతం ఉందో చూసి కొనండి. 20 నుంచి 30 శాతం ఉన్నవైతే ఎక్కువసేపు పనిచేస్తాయి. రెండు నెలలు నిండని పసికందుకి మాత్రం ఇది రాయకూడదు. వాళ్ళకి దోమతెరే రక్ష.

ఇంకా ఏయే టీకాలు?

టైఫాయిడ్ టీకా వేయించుకోవడం మంచిది. ఒక్క డోసుతో పనయ్యే రకాన్ని తయారుచేసింది హైదరాబాద్ కంపెనీయే. నీళ్ళూ, తిండీ ద్వారా వచ్చే హెపటైటిస్-ఏ మనలో పెద్దవాళ్ళకి చాలామందికి చిన్నప్పుడే తెలియకుండా వచ్చిపోయి ఉంటుంది. ఫిల్టరు నీళ్ళు తాగి పెరిగిన ఇప్పటి పట్నం పిల్లలకు ఆ రక్షణ ఉండకపోవచ్చు. వాళ్ళ గురించి అడగండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి.

సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా అడ్డంగా ఒక పట్టీలా ఉన్న దేశాల్లో ఎండాకాలం మెదడు పొరల వాపు జబ్బు ప్రబలుతుంటుంది. నైజీరియా ఉత్తర భాగం ఆ పట్టీలోదే. అటు వెళ్తుంటే మెనింజైటిస్ టీకా సంగతి అడగాలి. కుక్క కరిస్తే ఏం చేయాలో మనకి తెలిసిందే. సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పెద్దాసుపత్రి దూరంగా ఉండే ఊళ్ళో కాపురమైతే రేబిస్ టీకా ముందే వేయించుకోవచ్చు.

ఇవన్నీ ఒక్కరోజులో అయ్యే పనులు కావు. అందుకే వీసా అర్జీ పెట్టిన రోజునే డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళండి. ప్రయాణానికి 6 నుంచి 8 వారాల ముందైతే అన్నీ తీరిగ్గా కుదురుతాయి. ఆలస్యమైపోయిందా? అయినా వెళ్ళండి. ఎన్ని కుదిరితే అన్ని.

ఇస్త్రీపెట్టె తప్పనిసరి

అక్కడికెళ్ళాక ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. పనిమనిషి లోదుస్తులకీ, పిల్లల గుడ్డలకీ, తువ్వాళ్ళకీ కూడా ఇస్త్రీ చేస్తుంటుంది. విలాసం కాదది! టుంబు ఈగ అని ఒకటుంది. తడిసిన బట్టలు బయట ఆరేస్తే వాటి మీద గుడ్లు పెడుతుంది. ఆ బట్ట వేసుకుంటే పిల్ల పురుగు చర్మంలోకి దూరి సెగ్గడ్డలా లేస్తుంది. కుట్లూ, నడుముపట్టీల దగ్గర కూడా వేడి తగిలేలా ఇస్త్రీ చేస్తే గుడ్లు చచ్చిపోతాయి. లేదంటే ఇంట్లోనే ఆరేసుకోవాలి.

ఇంకొకటి. చెరువు కనబడితే కాళ్ళు కడుక్కోవడం, నదిలో మునకేయడం మనకి అలవాటు. విక్టోరియా సరస్సు, మలావి సరస్సు లాంటి మంచినీటి చోట్ల బిల్హార్జియా అనే జబ్బుంది. నత్తల నుంచి నీళ్ళలోకి వచ్చే సన్నటి పురుగు చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. దీనికి టీకా లేదు. మన చెరువుల్లో లేని బెడద కాబట్టి మనకి అనుమానమే రాదు. క్లోరిన్ కలిపిన ఈతకొలనులో, సముద్రంలో ఆ భయం లేదు. పిల్లలకి గట్టిగా చెప్పాల్సిన మాట ఇది.

నీళ్ళు కాచి చల్లార్చి తాగడం, బయట ఐసు వేసిన పానీయాలు మానడం మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు

అసలు జాగ్రత్త ఇక్కడ మొదలవుతుంది. సెలవులకని వస్తారు. వచ్చిన పది రోజులకో, నెలకో పిల్లాడికి జ్వరం. ‘నీళ్ళు మారాయి’ అంటుంది నాయనమ్మ. ‘దిష్టి తగిలింది’ అంటారింకొకరు. వానాకాలమైతే డాక్టరు కూడా ముందుగా డెంగీనో, టైఫాయిడో అనుకోవచ్చు. ఆయనకి మీరు ఆఫ్రికా నుంచి వచ్చారని తెలీదు కదా!

కాబట్టి గుర్తుంచుకోండి. ఆఫ్రికా నుంచి వచ్చాక 3 నెలల్లోపు ఏ జ్వరం వచ్చినా, మాత్రలు సక్రమంగా వేసుకున్నా సరే, అది మలేరియా కాదని తేలేదాకా మలేరియా కిందే లెక్క. ఆరోజే రక్తపరీక్ష చేయించాలి. తెల్లారనిద్దాం అనొద్దు. ఒకసారి లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్ళీ చేయించాలి. డాక్టరు గదిలోకి వెళ్ళగానే జ్వరం ఎంతుందో చెప్పకముందే ‘ఫలానా దేశం నుంచి ఫలానా రోజు వచ్చామండీ’ అని చెప్పండి. మీ ఆయన ఒంటరిగా వచ్చినా, ఈ మాట చెప్పించే బాధ్యత మీదే. మగవాళ్ళు ఉత్త జ్వరమేగా అని కొట్టిపారేస్తారు!

పెట్టె సర్దేముందు సరిచూసుకోండి

* ఎల్లో ఫీవర్ కార్డు అసలుది చేతిసంచిలో, నకలు పెట్టెలో. మనిషికొకటి.

* పిల్లల టీకాల కార్డులు, మీ రక్తం గ్రూపు, పడని మందుల పేర్లు రాసిన కాగితం.

* మలేరియా మాత్రలు, డాక్టరు చీటీతో సహా. తిరిగి వచ్చాక వేసుకోవాల్సినవి కూడా లెక్కేసి కొనండి.

* బీపీ, షుగరు, థైరాయిడ్ మందులు రెండు మూడు నెలలకి సరిపడా, చీటీతో.

* థర్మామీటరు, పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు.

* మందు పట్టించిన దోమతెర, ఒంటికి రాసుకునే దోమల మందు. ఇంట్లో ఎన్ని మంచాలో భర్తని అడిగి అన్ని తెరలు.

* ఇస్త్రీపెట్టె. అక్కడి ప్లగ్గుకి సరిపోయే పిన్ను మర్చిపోకండి.

ఇవి సర్దాక ఇంకా చోటు మిగిలితే అప్పుడు ఆవకాయ జాడీ సంగతి చూద్దాం!